పై ఊరి మోరి, కింది ఊరి చెరువు

చెరువు నీళ్లు ఏ రంగులో ఉంటాయి? తొలకరి వానలకు ఎర్రగా వస్తాయి. మట్టి అడుగుకు దిగాక తేటగా అవుతాయి. ఇది మన పెద్దలు చూసిన చెరువు. ఇప్పుడు కొన్ని చెరువుల్లో నీళ్లు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటున్నాయి. రంగు కలిపినట్టు చిక్కటి పచ్చ. ఒడ్డున నురగ. దగ్గరికి పోతే వాసన. బర్రె మూతి పెట్టి, తాగకుండా వెనక్కి తీసుకుంటుంది. ఆ నీళ్లలో చేతులు పెడితే దురద పుడుతుంది.

ఈ పచ్చదనం ఎక్కడిది? అది నాచు. కంటికి విడివిడిగా కనపడనంత సన్నని నాచు. కోట్లకు కోట్లుగా పెరిగితే నీళ్లే పచ్చగా కనిపిస్తాయి. నీళ్ల మీద గుర్రపుడెక్క అల్లుకోవడానికి కారణం కూడా అదే. రెండింటికీ తిండి ఎక్కువైంది.

నాచుకు తిండి ఏమిటి? వరికి ఏది తిండో నాచుకూ అదే. నత్రజని, భాస్వరం. 45 కిలోల యూరియా సంచిలో 20 కిలోలకు పైగా నత్రజనే ఉంటుంది. డి.ఎ.పి.లో నత్రజనీ ఉంటుంది, భాస్వరమూ ఉంటుంది. మనం మడిలో చల్లినదంతా పైరు తినదు. చల్లిన రోజే గట్టి వాన పడితే కొంత కొట్టుకుపోతుంది. పోయి పోయి ఎక్కడికి చేరుతుంది? చెరువుకే.

పొలం ఒక్కటే కాదు. ఇంటి నుంచి వచ్చే మోరి నీళ్లలోనూ ఈ తిండి ఉంటుంది. మరుగుదొడ్డి నీళ్లలో ఉంటుంది. చెరువు గట్టున వేసిన పెంటకుప్ప మీద వాన పడితే ఆ రసమంతా నీళ్లలోకి దిగుతుంది. కొన్ని బట్టల పొడుల్లో కూడా భాస్వరం ఉంటుంది. ఒక్క కిలో భాస్వరం వందల కిలోల పచ్చి నాచును పెంచగలదు. అందుకే ఒక ఇంటి నుంచి వచ్చేది కొంచెమే అనిపించినా, ఊరంతటి నుంచి వచ్చేది కొంచెం కాదు.

నాచు పెరిగితే ఏం నష్టం? ఆకే కదా అనుకోవచ్చు. పగటిపూట నాచు నీళ్లకు ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రి మాత్రం తనే ఆ ప్రాణవాయువును పీల్చుకుంటుంది. చచ్చిన నాచు అడుగుకు చేరి కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు మిగిలిన ప్రాణవాయువు కూడా ఖర్చయిపోతుంది. తెల్లవారేసరికి చేపలకు ఊపిరాడదు. అందుకే చేపలు ఎక్కువగా తెల్లవారుజామున చస్తాయి. ఎవరో మందు కలిపారని ఊళ్లో కొట్లాటలు జరుగుతాయి. కొన్నిసార్లు ఎవరూ ఏమీ కలిపి ఉండరు. అందరూ కలిసి కలిపినదే అది.

కొన్ని రకాల నాచులో విషం కూడా ఉంటుంది. ఆ నీళ్లు తాగి పశువులు చనిపోవచ్చు. ఇంకో మాట. నత్రజని భూమిలోకి ఇంకితే బావి నీళ్లలో, బోరు నీళ్లలో నైట్రేటుగా చేరుతుంది. లీటరు నీటిలో 45 మిల్లీగ్రాములకు మించితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. పసిపిల్లలకు అది మరీ ప్రమాదం. రక్తం ప్రాణవాయువును మోయలేక బిడ్డ ఒళ్లు నీలంగా మారుతుంది. నీళ్లు కాచినా నైట్రేటు పోదు. మరిగేకొద్దీ నీళ్లు తగ్గి, నైట్రేటు ఇంకా చిక్కనవుతుంది. పోతపాలు కలిపే తల్లులు ఇది గుర్తుంచుకోవాలి.

గొలుసుకట్టు చెరువులు

పాలమూరు, నల్లగొండ జిల్లాలు మెట్ట ప్రాంతాలు. వాన తక్కువ. పడిన వాన చుక్కను పట్టి ఉంచడానికి మన పూర్వీకులు చెరువులు తవ్వారు. ఒకటి రెండు కాదు, వరసగా తవ్వారు. పై చెరువు నిండితే మత్తడి దూకుతుంది. ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు పోతాయి. అది నిండితే ఇంకో చెరువు. చివరికి మక్తల్ వైపు నీళ్లన్నీ కృష్ణమ్మను చేరతాయి. దీన్నే గొలుసుకట్టు అంటారు.

ఈ గొలుసులో నీళ్లు మాత్రమే పోవు. నీళ్లతో పాటు పై ఊరి మురికి కూడా కింది ఊరికి పోతుంది. పై ఊరి పంచాయతీ వేరు. కింది ఊరి పంచాయతీ వేరు. వాగుకు మాత్రం పొలిమేర తెలియదు.

ఇద్దరు వదినామరదళ్లు ఉన్నారనుకుందాం. మరదలిని పై ఊరికి ఇచ్చారు. వదిన కింది ఊళ్లో ఉంటుంది. ఇద్దరూ మక్తల్ బస్టాండులో కలిశారు.

"ఏం వదినా, ఈసారి చేపలు పట్టిన్రా?" అని మరదలు అడిగింది.

"యాడి చేపలు! చెరువంత పచ్చగైంది. మీ ఊరి మోరి నీళ్లన్ని మా చెరువులనే పడ్తున్నయి. మీరు బాగు చేయిస్తే మాకు బాగైతది."

"మంచిగనే చెప్తివి. చెరువు మీది, చేపలు మీవి, పొలాలు మీవి. పైసలు మాత్రం మేం పెట్టాల్నా? మా సర్పంచ్ అట్ల అడిగితే మా ఊరోళ్లు ఊకుంటరా?"

"మురికి మీది కాదా మరి?"

"మురికి అందరిది వదినా. మీ ఊళ్ల బట్టలుతకరా? మీ పొలాలకు యూరియా చల్లరా?"

ఇద్దరిలో ఎవరి మాట తప్పు? ఎవరి మాటా తప్పు కాదు. అందుకే ఈ సమస్య గట్టిది. మురికి చేసేవాళ్లు ఒకచోట, నష్టపోయేవాళ్లు ఒకచోట. ఖర్చు ఎవరు పెట్టాలి? ఈ ప్రశ్న మన ఊళ్లలోనే రాలేదు. పెద్ద పెద్ద పట్నాలకూ వచ్చింది.

హుస్సేన్‌సాగర్ కథ

హైదరాబాదుకు పోయినవాళ్లు హుస్సేన్‌సాగర్‌ను చూసే ఉంటారు. నడిమధ్య బుద్ధ విగ్రహం ఉన్న చెరువు అదే. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో దాన్ని కట్టారు. ఒకప్పుడు పట్నం జనం ఆ నీళ్లు తాగారు. తర్వాత పట్నం పెరిగింది. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా ఇళ్ల మురికిని తెచ్చి అందులో పోశాయి. కూకట్‌పల్లి నాలా కార్ఖానాల మురికిని కూడా తెచ్చింది. నీళ్లు పచ్చబడ్డాయి. చేపలు చచ్చి తేలాయి. కట్ట మీద పోయేవాళ్లు ముక్కు మూసుకున్నారు.

ఆ రోజుల్లో ఆ మురికి ఒక్క మున్సిపాలిటీది కాదు. కొంత హైదరాబాదు కార్పొరేషన్‌ది. కొంత కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్ మున్సిపాలిటీలది. కొంత సికింద్రాబాదు కంటోన్మెంటుది. చెరువు ఒక్కటి, దానికి నీళ్లు పంపేవాళ్లు చాలామంది. 2006లో జపాన్ దేశం నుంచి అప్పు తెచ్చి పెద్ద పని మొదలుపెట్టారు. వందల కోట్ల ఖర్చు. మురికి నీళ్లను దారి మళ్లించడం, శుద్ధి చేయడం, పూడిక తీయడం అందులోని పనులు. 2007లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాదు కార్పొరేషన్ చేశారు. కంటోన్మెంటు వేరుగానే ఉంది.

పని జరిగింది. కొంత మేలు జరిగింది. కానీ చెరువు పూర్తిగా బాగుపడలేదు. వాన గట్టిగా పడితే నాలాలు పొంగి మురికి మళ్లీ చెరువులోకి వస్తుంది. పైగా ఏళ్ల తరబడి అడుగున పేరుకున్న పూడికలోనే బోలెడు భాస్వరం ఉంది. పై నుంచి మురికి ఆపినా, ఆ పూడిక నుంచి భాస్వరం నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. చెరువును పాడుచేసిన తర్వాత బాగుచేయడం ఎంత ఖరీదో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఓటు వేసి బాగు చేసుకున్న చెరువు

అమెరికాలో సియాటెల్ అని ఒక పెద్ద పట్నం ఉంది. దాని పక్కన వాషింగ్టన్ సరస్సు అనే పెద్ద చెరువు ఉంది. చెరువు చుట్టూ చిన్న చిన్న పట్టణాలు. ఎవరి మున్సిపాలిటీ వారిది. ఎవరి మురికిని వారు కొంత శుద్ధి చేసి చెరువులోకి వదిలేవారు. శుద్ధి చేసిన నీళ్లే కదా అనుకున్నారు. కానీ ఆ శుద్ధిలో భాస్వరం పోలేదు. 1955లో ఎడ్మండ్సన్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసేవాళ్లు ఆ నీళ్లలో ఒక చెడ్డ నాచును కనిపెట్టారు. ఇలాగే వదిలితే చెరువు పాడైపోతుందని చెప్పారు.

ఏ ఒక్క ఊరూ ఒంటరిగా ఏమీ చేయలేదు. ఒక ఊరు ఖర్చు పెట్టి మురికి ఆపినా, పక్క ఊరు వదులుతూనే ఉంటుంది. కాబట్టి అన్ని ఊళ్లూ కలిసి ఒక సంస్థ పెట్టుకోవాలని అనుకున్నారు. దానికి మెట్రో అని పేరు పెట్టారు. జనం ఓటు వేసి ఒప్పుకోవాలి. అది కూడా ఎలా? పట్నంలో సగానికి పైగా ఒప్పుకోవాలి. పట్నం బయట కూడా సగానికి పైగా ఒప్పుకోవాలి.

1958 మార్చిలో ఓటు జరిగింది. పట్నం ఒప్పుకుంది. చిన్న పట్టణాలు ఒప్పుకోలేదు. వాళ్ల భయం వాళ్లది. "పెద్ద పట్నం పెత్తనం చేస్తుంది, పైసలు మేం కట్టాలి" అనుకున్నారు. ఆ భయం ఉత్తదని కొట్టిపారేయలేం. పెద్ద ఊరితో పొత్తు అంటే చిన్న ఊరికి ఎక్కడైనా భయమే.

ఓడిపోయినవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మొదటి పథకంలో బస్సుల సంగతి, పట్టణ ప్రణాళిక సంగతి కూడా కలిపి ఉన్నాయి. వాటిని తీసేశారు. మురికి నీళ్ల పని ఒక్కటే ఉంచారు. హద్దులు కూడా మార్చారు. ఆడవాళ్ల సంఘాలు ఇల్లిల్లూ తిరిగి చెప్పాయి. అదే ఏడాది సెప్టెంబరులో మళ్లీ ఓటు పెట్టారు. ఈసారి రెండు చోట్లా గెలిచారు. సంస్థను నడిపే సభలో చిన్న పట్టణాల వారికి కూడా కుర్చీలు దక్కాయి.

ఖర్చు ఎలా పంచుకున్నారు? ప్రతి మున్సిపాలిటీ తన ఇళ్ల నుంచి నెలనెలా రుసుము వసూలు చేసింది. ఇళ్ల లెక్కన మెట్రోకు కట్టింది. ఎక్కువ ఇళ్లున్న ఊరు ఎక్కువ, తక్కువ ఇళ్లున్న ఊరు తక్కువ. ఆ సొమ్ముతో పెద్ద గొట్టాలు వేశారు. 1963 నుంచి 1968 లోపు చెరువులో పడే మురికిని దారి మళ్లించారు. 1964లో ఆ నీళ్లలో రెండున్నర అడుగుల లోతు వరకే కనిపించేది. 1968కి పది అడుగుల లోతు వరకు కనిపించింది. తర్వాత ఇంకా తేటపడింది.

ఒక తేడా గమనించాలి. వాళ్లకు పక్కనే సముద్రం ఉంది. మురికిని శుద్ధి చేసి అటు పంపారు. మక్తల్ పక్కన సముద్రం లేదు. ఇక్కడి మోరి నీళ్లు ఇక్కడి నేలలోనే, చెట్లలోనే, పొలంలోనే ఇమడాలి. ఆలోచిస్తే అదీ మంచిదే. చెరువుకు విషమైన భాస్వరం పొలానికి ఎరువు.

జపాన్‌లో బివా అనే చెరువు ఉంది. ఆ దేశంలో అదే అన్నిటికంటే పెద్దది. 1977లో ఆ నీళ్లు ఎర్రబడ్డాయి. బట్టల పొడిలోని భాస్వరం ఒక కారణమని తేలింది. అక్కడి ఆడవాళ్లు ఆ పొడి మానేసి సబ్బు వాడడం మొదలుపెట్టారు. వాడిన వంటనూనెను ఇంటింటికీ తిరిగి పోగు చేసి దాంతో సబ్బు చేయించారు. 1979లో ఆ జిల్లా సభ భాస్వరం ఉన్న బట్టల పొడిని అమ్మకూడదని, వాడకూడదని కట్టడి చేసింది. 1980 నుంచి అది అమలైంది. మరి ఖర్చు? బివా నీళ్లు కిందికి పారి ఒసాకా వంటి పెద్ద నగరాలకు పోతాయి. చెరువు అభివృద్ధికి 1972లో మొదలైన పెద్ద పథకంలో కింది ప్రాంతాల ప్రభుత్వాలు కూడా వాటా ఇచ్చాయి. నీళ్లు తాగేవాళ్లు, నీళ్లు కాపాడేవాళ్లకు సాయం చేశారన్నమాట.

సియాటెల్‌లో మురికి చేసినవాళ్లు ఇళ్ల లెక్కన కట్టారు. జపాన్‌లో మేలు పొందేవాళ్లు కూడా కట్టారు. మరదలి మాట, వదిన మాట రెండూ లోకంలో నడిచినవే.

మూడు ఊళ్ల లెక్క

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. ఇది ఊహించిన లెక్క.

ఒక చెరువు ఉంది. దానికి మూడు ఊళ్లు సంబంధం. పై ఊళ్లో 600 ఇళ్లు. నడిమి ఊళ్లో 250 ఇళ్లు. కింది ఊళ్లో 150 ఇళ్లు. మొత్తం 1,000 ఇళ్లు. ఆ చెరువు కింద పారే భూమి 400 ఎకరాలు. అందులో పై ఊరి వారివి 100 ఎకరాలు, నడిమి ఊరి వారివి 100 ఎకరాలు, కింది ఊరి వారివి 200 ఎకరాలు.

మోరి నీళ్లు చెరువులో పడే ముందు నిలవడానికి ఒక గుంట తవ్వాలి. అందులో తుంగ, రెల్లు పెంచాలి. మురికి అడుగున పేరుకుంటుంది, మొక్కలు కొంత భాస్వరాన్ని తీసుకుంటాయి. గుర్రపుడెక్క తీయించాలి. అంతా కలిపి 6,00,000 రూపాయలు.

మూడు ఊళ్లూ సమానంగా కడితే ఒక్కో ఊరికి 2,00,000. చూడడానికి న్యాయంగా ఉంది. కానీ ఇంటి లెక్కకు వస్తే? పై ఊళ్లో ఒక ఇంటి మీద 333 రూపాయలు పడుతుంది. కింది ఊళ్లో ఒక ఇంటి మీద 1,333 రూపాయలు పడుతుంది. ఇది న్యాయమా?

ఇళ్ల లెక్కన పంచితే ఇంటికి 600. పై ఊరు 3,60,000, నడిమి ఊరు 1,50,000, కింది ఊరు 90,000 కట్టాలి. మురికి ఎవరిది ఎక్కువో వారు ఎక్కువ కట్టినట్టు. వదినకు ఇది నచ్చుతుంది.

ఎకరాల లెక్కన పంచితే ఎకరాకు 1,500. పై ఊరు 1,50,000, నడిమి ఊరు 1,50,000, కింది ఊరు 3,00,000. మేలు ఎవరికి ఎక్కువో వారు ఎక్కువ కట్టినట్టు. మరదలికి ఇది నచ్చుతుంది. కానీ కింది ఊళ్లో భూమి లేని కూలీ ఇల్లు కూడా ఉంది. ఎకరాల మీద వచ్చే మేలు ఆ ఇంటికి లేదు. ఆ ఇంటి మీద కూడా వాటా వేస్తారా? ఈ ప్రశ్న సభలో అడిగేవాళ్లు లేకపోతే ఎవరికీ గుర్తుకు రాదు.

సగం ఖర్చు ఇళ్ల లెక్కన, సగం ఎకరాల లెక్కన పంచితే ఎలా ఉంటుంది? ఇళ్ల సగం 3,00,000. ఇంటికి 300. ఎకరాల సగం 3,00,000. ఎకరాకు 750. పై ఊరికి 1,80,000, 75,000 కలిపి 2,55,000. నడిమి ఊరికి 75,000, 75,000 కలిపి 1,50,000. కింది ఊరికి 45,000, 1,50,000 కలిపి 1,95,000. మూడూ కూడి చూడండి. 6,00,000 వస్తుంది.

పని ఒక్కసారితో అయిపోదు. గుంటలో పేరుకున్న మట్టి ఏటా తీయాలి. తుంగ కోయాలి. ఏడాదికి 60,000 అవుతుందనుకుంటే ఇంటికి 60 రూపాయలు. నెలకు 5 రూపాయలు. చాలా పనులు కట్టేటప్పుడు ఆగవు, ఈ నెలకు 5 రూపాయల దగ్గరే ఆగిపోతాయి. కొబ్బరికాయ కొట్టేటప్పుడు అందరూ వస్తారు. మట్టి తీసేటప్పుడు ఎవరూ రారు.

డబ్బు ఎక్కడిది? ఎవరు అడగాలి?

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 పనుల పట్టిక అందులో ఉంది. తాగునీరు, పారిశుధ్యం, చిన్న నీటి వనరులు ఆ పట్టికలో ఉన్నాయి. పంచాయతీకి ఇంటి పన్ను వస్తుంది. ఆర్థిక సంఘం నిధులు వస్తాయి. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో నూటికి 60 రూపాయలు తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలని షరతు పెట్టింది. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైంది. వేల చెరువుల్లో పూడిక తీశారు. రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకున్నారు. పూడికతో పాటు భాస్వరం కూడా చెరువు నుంచి పొలానికి తిరిగి వెళ్లింది.

మక్తల్ 2018లో మున్సిపాలిటీ అయింది. చుట్టూ ఊళ్లు గ్రామ పంచాయతీలు. అంటే ఇక్కడా ఒక పెద్దది, చుట్టూ చిన్నవి. పొత్తు కుదరాలంటే పెద్దది పెత్తనం చేయకూడదు. చిన్నది వాటా ఎగ్గొట్టకూడదు. ఎవరు ఎంత కడతారో, లెక్క ఎవరు రాస్తారో, ఏటా మట్టి ఎవరు తీస్తారో ముందే కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితాన్ని గ్రామసభలో చదివి వినిపించాలి. చదవడం వచ్చినవాళ్లు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని స్వయంగా చదవాలి.

ఖర్చు తగ్గించే దారి కూడా ఉంది. మురికి పుట్టిన చోటే ఆగితే గుంట చిన్నదైనా సరిపోతుంది. అంట్లు తోమిన నీళ్లను పెరటిలోని అరటికి, కూరపాదులకు పెట్టాలి. జాగా ఉంటే ఇంకుడు గుంత తవ్వాలి, కానీ తాగునీటి బావికి, బోరుకు దూరంగా. ఉపాధి హామీ పనుల్లో ఇలాంటి గుంతలు చాలా ఊళ్లలో తవ్వారు. పెంటకుప్ప చెరువు గట్టున వేయకూడదు. యూరియా ఒకేసారి చల్లకుండా రెండు మూడు దఫాలుగా చల్లితే పైరుకూ మంచిది, సంచి ఖర్చూ తగ్గుతుంది. మబ్బు పట్టిన రోజు చల్లకూడదు.

కొత్త మాటలు: భాస్వరం, నత్రజని, పారిశుధ్యం, వాటా, ఆయకట్టు. చెరువు కింద పారే భూమిని ఆయకట్టు అంటారు.

లెక్క చేయండి: పై ఊరి మహిళలు 200 ఇళ్లలో ఇంకుడు గుంతలు తవ్వించారు. ఆ ఇళ్ల నీళ్లు ఇప్పుడు మోరిలోకి పోవడం లేదు. కాబట్టి మా ఊరికి 400 ఇళ్లే లెక్క కట్టండి అని వాళ్లు అడిగారు. అప్పుడు మొత్తం ఇళ్లు 800. సగం ఇళ్ల లెక్కన, సగం ఎకరాల లెక్కన పద్ధతిలో మళ్లీ పంచండి. పై ఊరి వాటా 30,000 రూపాయలు తగ్గుతుంది. నడిమి ఊరికి ఎంత పెరుగుతుంది? కింది ఊరికి ఎంత పెరుగుతుంది? పెరిగిన వాటా కట్టడానికి కింది ఊరి వదిన ఒప్పుకుంటుందా? ఒప్పుకోకపోతే ఆమె ఏమని అడుగుతుంది? మీ సంఘంలో మాట్లాడుకుని నాలుగు వాక్యాలు రాయండి.